వెన్నులో మత్తా, పూర్తి మత్తా? రక్తం పలచబరిచే మాత్రలు ఉన్న ఇంట్లో ముందుగా తేల్చుకోవాల్సినవి

మోకీలు మార్పిడి కోసం గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న ఇది. "డాక్టరు గారూ, నడుములో ఇంజెక్షన్ మంచిదా, పూర్తిగా నిద్రపుచ్చడం మంచిదా?" ఆపరేషన్ మర్నాడు ఉదయం. జవాబు చెప్పకుండా నేనే ఎదురు ప్రశ్న వేశాను. రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు? బీపీకి ఒకటి, షుగరుకు రెండు, కొలెస్ట్రాల్‌కు ఒకటి అన్నారు. గుండెకు? "మూడేళ్ల కిందట స్టెంటు వేశారు. ఇప్పుడేమీ లేదండీ." ఆయన భార్య ప్లాస్టిక్ సంచిలోంచి మాత్రల అట్టలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచారు. ఆయన కొలెస్ట్రాల్ మాత్ర అన్నది ఎకోస్ప్రిన్ గోల్డ్. అందులో కొలెస్ట్రాల్ మందుతో పాటు రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా కలిసి ఉంటాయి. ముందు రోజు రాత్రి కూడా వేసుకున్నారు.

ఆ ఒక్క గుళికతో ఆయన ప్రశ్నకు జవాబు మారిపోయింది. మారకపోతే ఏమయ్యేదో చెప్పడానికే ఈ వ్యాసం. మత్తు డాక్టరుగా ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నడుములో ఇంజెక్షన్ అనగానే జనం భయపడేది ఒకదానికి, మేం భయపడేది మరొకదానికి. "ఆ ఇంజెక్షన్ చేయించుకుంటే జీవితాంతం నడుము నొప్పే" అన్నది ప్రతి ఇంట్లో వినిపించే మాట. సిజేరియన్ అయిన తల్లికి నడుము నొప్పి రావడానికి బరువు మోయడం, వంగి పాలివ్వడం, నిద్ర లేకపోవడం, గర్భంలో సాగిన కీళ్లు ఇలా కారణాలు చాలా ఉన్నాయి. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు పచ్చిగా ఉంటుంది, అంతే. మాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. వెన్నులో రక్తం గడ్డ.

నొక్కడానికి వేలు దూరని చోటు

చేతి నుంచి సెలైన్ సూది తీశాక దూది పెట్టి రెండు నిమిషాలు నొక్కితే రక్తం ఆగుతుంది. నొక్కకపోయినా చర్మం కింద కాస్త ఉబ్బి, నీలంగా మారి, వారంలో కరిగిపోతుంది. వెన్నులో ఆ సౌకర్యం లేదు. వెన్నుపూసలన్నీ కలిసి ఎముకల గొట్టంలా ఉంటాయి. ఆ గొట్టంలో వెన్నుపాము, కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాలు, వాటిని తడుపుతూ నీటిలాంటి ద్రవం, ఆ ద్రవాన్ని పట్టి ఉంచే డ్యూరా అనే గట్టి పొర ఉంటాయి. పొరకు బయట, ఎముకకు లోపల మిగిలిన ఇరుకు సందు పేరే ఎపిడ్యూరల్ జాగా. అందులో ఎక్కువగా ఉండేవి కొంత కొవ్వు, దాని మధ్య అల్లుకున్న పలచని గోడల సిరలు.

సూది వెళ్లేటప్పుడు ఆ సిరల్లో ఒకదానికి తగలడం అరుదు కాదు. సూదిలోకి రక్తం చుక్క రావడం మేమంతా చూస్తూనే ఉంటాం. మామూలు మనిషిలో ఆ చిల్లు తనంతట తానే మూసుకుంటుంది. రక్తానికి గడ్డకట్టే గుణం తగ్గి ఉన్నప్పుడే చిక్కు. కారుతూ ఉన్న రక్తం ఆ ఇరుకులో చేరి గడ్డగా మారుతుంది. ఎముక సాగదు కాబట్టి ఒత్తిడంతా నరాల మీదే. ఒత్తిడికి నరాలకు రక్త సరఫరా ఆగిపోతుంది. కొన్ని గంటలు అలాగే ఉంటే కాళ్లు తిరిగి రావు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. పొర లోపలి ద్రవంలోకి ఇచ్చే స్పైనల్ ఇంజెక్షన్ దానికి దిగువన, మూడు, నాలుగు, ఐదు పూసల మధ్య సందుల్లో చేస్తాం. కనుక "సూది నేరుగా వెన్నుపాములో గుచ్చుతారు" అన్నది నిజం కాదు. అక్కడ ద్రవంలో తేలుతూ ఉండేవి నరాల పోగులు. గడ్డ ఏర్పడితే నలిగేవి అవే.

ఇది ఎంత అరుదు? స్వీడన్‌లో 1990 నుంచి 1999 వరకు జరిగిన దాదాపు 12,60,000 స్పైనల్, 4,50,000 ఎపిడ్యూరల్ (పొర బయటి జాగాలో మందు వేసే) మత్తులను లెక్కకు తీసుకుంటే, వెన్నులో రక్తం గడ్డలు బయటపడినవి 33. ఇంత పెద్ద అంకెల్లో ఇంత చిన్న అంకె చూసి ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ అదే లెక్కను విడదీస్తే కథ మారుతుంది. కాన్పు నొప్పులకు ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో రెండు లక్షలకు ఒకరికి గడ్డ వచ్చింది. మోకీలు మార్పిడికి ఎపిడ్యూరల్ తీసుకున్న స్త్రీలలో 3,600 మందికి ఒకరికి. ఒకే సూది, ఒకే జాగా, మధ్య తేడా యాభై రెట్లు పైనే. పాతికేళ్ల తల్లి రక్తం గర్భం వల్ల మామూలుకన్నా తేలికగా గడ్డకడుతుంది, వెన్నులో చోటు విశాలంగా ఉంటుంది. డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు ఎముకలు గుల్లబారి, కీళ్లు అరిగి ఆ గొట్టమే ఇరుకై ఉంటుంది. ఆపైన ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు. అందుకే నా దగ్గర ఎవరైనా "లక్షకు ఎంతమందికి?" అని అడిగితే, "ఎవరికి?" అని ముందు నేనే అడుగుతాను.

స్పైనల్, ఎపిడ్యూరల్ ఒకటి కావు

బయట నుంచి చూసేవారికి రెండూ నడుములో ఇంజెక్షనే. రక్తస్రావం వైపు నుంచి చూస్తే మాత్రం రెంటి మధ్య చాలా దూరం.

స్పైనల్‌కు వాడే 25 లేదా 27 గేజ్ సూది మందం అర మిల్లీమీటరు, ఇంకా తక్కువ. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, తిరకాసు లెక్క. ఒక్కసారి మందు వేస్తాం, సూది తీసేస్తాం, అయిపోయింది. ఎపిడ్యూరల్‌కు వాడేది 16 లేదా 18 గేజ్, అంటే సుమారు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మందం. దాని గుండా సన్నని ప్లాస్టిక్ గొట్టం ఆ సిరల మధ్యలోకి జారవిడిచి, వీపుకు అంటించి, ఒకటి రెండు రోజులు మందు ఎక్కిస్తూ ఉంటాం. అంటే గుచ్చేటప్పుడు ఒకసారి, గొట్టం తీసేటప్పుడు ఇంకోసారి సిరలకు గాయం అయ్యే అవకాశం ఉంది.

ఈ రెండోసారిని అందరూ మర్చిపోతారు. 1906 నుంచి 1994 వరకు వైద్య పత్రికల్లో అచ్చయిన 61 రక్తం గడ్డల కేసులను ఒకచోట చేర్చి చూసినప్పుడు, 42 మందికి రక్తం గడ్డకట్టడంలో ఏదో ఒక లోపం ఉంది, మందుల వల్లనో జబ్బు వల్లనో. ఎక్కువ భాగం ఎపిడ్యూరల్‌వే. గొట్టం ఉంచినవారిలో దాదాపు సగం మందికి రక్తస్రావం మొదలైంది గొట్టం తీసిన వెంటనే. గుచ్చేటప్పుడు ఆపరేషన్ గది నిండా మనుషులు ఉంటారు. తీసేది వార్డులో. అప్పుడే ఎవరో పొట్టలో ఇంజెక్షన్ కూడా ఇచ్చి వెళ్లి ఉండవచ్చు.

పొట్టలో ఇంజెక్షన్ అని వార్డుల్లో పిలిచేది కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపరిన్. అమెరికాకు 1993లో వచ్చింది. యూరప్‌లో అప్పటికే కొన్నేళ్లుగా రోజుకు ఒకసారి 40 మిల్లీగ్రాముల చొప్పున వాడుతున్నారు, వెన్ను మత్తుతో గడ్డలు చాలా అరుదు. అమెరికాలో రోజుకు రెండుసార్లు 30 మిల్లీగ్రాముల పద్ధతి పెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి గడ్డల కేసులు పదుల సంఖ్యలో పోగై, 1997 డిసెంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. సూది మారలేదు, గుచ్చే చేతులూ మారలేదు. మోతాదుకూ మోతాదుకూ మధ్య గొట్టం తీసేందుకు భద్రమైన వ్యవధి మిగలలేదు, అంతే. ఇప్పుడు పాటించే లెక్క ఇది: రోజుకు ఒకసారి నివారణకు ఇచ్చే మోతాదు అయితే, చివరి ఇంజెక్షన్ తర్వాత కనీసం 12 గంటలు ఆగి గొట్టం తీయాలి, తీశాక కనీసం 4 గంటలు ఆగి తరువాతి ఇంజెక్షన్ ఇవ్వాలి. బరువును బట్టి ఇచ్చే పూర్తి మోతాదు అయితే గుచ్చడానికి ముందు 24 గంటల వ్యవధి కావాలి. అంత మోతాదు నడుస్తుండగా వీపులో గొట్టం ఉండకూడదు.

కాబట్టి రెంటిలో ఒకటి ఎంచుకునే వీలున్నప్పుడు నా సలహా సూటిగానే ఉంటుంది. ఒక్క స్పైనల్‌తో ఆపరేషన్ పూర్తవుతుందంటే, తరువాతి నొప్పి కోసమే ఎపిడ్యూరల్ గొట్టం అడగవద్దు. మోకీలు మార్పిడికి ఒకప్పుడు గొట్టం పెట్టడం ఆనవాయితీ. ఇప్పుడు తొడ దగ్గర నరానికి ఇచ్చే బ్లాకు, సర్జన్ కీలు చుట్టూ వేసే మందు ఆ పని చాలావరకు చేస్తున్నాయి, పైగా మర్నాడే నడవనిస్తున్నాయి. కాన్పు నొప్పులకు, పొట్టా ఛాతీ మీద జరిగే పెద్ద ఆపరేషన్లకు ఎపిడ్యూరల్‌కు సాటి వచ్చేది ఇప్పటికీ తక్కువ. రెండూ కలిపి చేసే పద్ధతి ఒకటి ఉంది. రక్తస్రావం లెక్కలో దాన్ని ఎపిడ్యూరల్‌గానే చూడండి.

పూర్తి మత్తు ఎప్పుడు మేలు

జనరల్ మత్తులో వెన్ను జోలికి వెళ్లం కాబట్టి ఈ ముప్పు పూర్తిగా పోతుంది. దాని ఖరీదు వేరేచోట కట్టాలి. గొంతులో గొట్టం, మర్నాటి గొంతు నొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల మీద భారం. భీమిలి వైపు నుంచి వచ్చే మత్స్యకార అమ్మమ్మలు కొందరు నలభై ఏళ్లు అడ్డపొగ తాగి ఉంటారు. నిప్పు నోటి లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఇటువైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఊపిరితిత్తులు చూస్తే నాకు వెన్నులో మత్తే ముద్దు, రక్తం బాగుంటే.

అయితే "వయసు మళ్లిన వాళ్లకు పూర్తి మత్తు ఇస్తే లేవరు" అన్న భయం మాత్రం నిలబడదు. తుంటి ఎముక విరిగిన 1,600 మంది మీద అమెరికా, కెనడా ఆస్పత్రుల్లో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, స్పైనల్ తీసుకున్న వాళ్లలో రెండు నెలలకు చనిపోయినవారు లేదా సాయం లేకుండా నడవలేనివారు 18.5 శాతం, జనరల్ తీసుకున్న వాళ్లలో 18 శాతం. దాదాపు సమానం. కనుక రక్తం పలచబడి ఉన్న రోగికి నేను జనరల్ అంటే, నాణ్యత తగ్గించి చౌకబేరం చేస్తున్నానని అనుకోవద్దు.

నరాల బ్లాకులు మూడో దారి. తొడలోనో భుజం దగ్గరో స్కానింగ్‌లో చూస్తూ మందు వేస్తాం. రక్తం వచ్చినా బయటి నుంచి నొక్కే వీలుంటుంది. వెన్ను పక్కన లోతుగా ఇచ్చే కొన్ని బ్లాకులకు ఆ వీలు లేదు, వాటికి వెన్ను మత్తు నియమాలే. తుంటి విరిగిన రోగికి పూర్తి మత్తుతో పాటు గజ్జ దగ్గర ఒక బ్లాకు ఇస్తే నొప్పి మందుల అవసరం బాగా తగ్గుతుంది.

మాత్రలు: ఏది ఎన్నాళ్లు

ఇక్కడ తొందరపడకుండా చదవండి. మందు ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు, మత్తు డాక్టరు మాట్లాడుకుని చెప్పాల్సింది. కింద ఉన్న రోజులు మీ అంతట మీరు ఆపడానికి కాదు. ఆపరేషన్ తేదీ ఇస్తున్నప్పుడు "మరి ఈ మాత్ర సంగతి?" అని అడగడానికి.

ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే వెన్ను మత్తుకు అడ్డం కాదు. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలూ అంతే. చాలామంది దీన్నే ముందు ఆపేసి, ఆపాల్సినదాన్ని కొనసాగిస్తారు. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు. ఎకోస్ప్రిన్ గోల్డ్ అంటే వాటికి తోడు క్లోపిడోగ్రెల్. పేరులో ఒక్క మాట తేడాతో వారం రోజుల తేడా. క్లోపిడోగ్రెల్‌కు 5 నుంచి 7 రోజులు, ప్రాసుగ్రెల్‌కు 7 నుంచి 10 రోజులు, టికాగ్రెలార్‌కు 5 నుంచి 7 రోజులు ఎడం కావాలి. స్టెంటు కొత్తదైతే ఈ ఆపడమే ప్రాణాంతకం. అప్పుడు వాయిదా వేయాల్సింది మాత్రను కాదు, మోకీలు ఆపరేషన్‌ను. ఆరు నెలలా, ఏడాదా అన్నది స్టెంటు ఎందుకు వేశారన్న దాన్ని బట్టి గుండె డాక్టరు చెబుతారు. మోకీలు ఆగుతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు.

కవాటం మార్చినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు వాడే వార్ఫరిన్‌కు 5 రోజులు. మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ అదే రకం మందు, కాకపోతే త్వరగా దిగుతుంది. ఏదైనా రోజుల లెక్కతో సరిపెట్టకూడదు, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో మామూలు స్థాయికి వచ్చిందని చూడాలి. కొత్త తరం మందులైన అపిక్సబాన్, రివరాక్సబాన్‌లకు ఈ ఐఎన్ఆర్ పనికిరాదు. పూర్తి మోతాదులో వాడుతుంటే 72 గంటల ఎడం పాటిస్తాం. డాబిగాట్రాన్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారా పోతుంది కనుక వాటి పనితీరును బట్టి 3 నుంచి 5 రోజులు.

మూత్రపిండాల మాట వచ్చింది కాబట్టి ఉద్దానం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరి తోటల పల్లెల నుంచి విశాఖ ఆస్పత్రులకు వచ్చేవారిలో మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తెలియనివారు ఇప్పటికీ ఉంటారు. వాళ్లకు పొట్టలో ఇంజెక్షన్ 12 గంటల్లో దిగిపోదు, ఒంట్లో పేరుకుంటుంది. జబ్బు ముదిరితే ప్లేట్‌లెట్ల సంఖ్య బాగున్నా పనితనం బాగుండదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో లేకుండా ఈ లెక్కలన్నీ గాలిలో మేడలే. ఊరి పేరు చెప్పడం కూడా మాకు ఉపయోగపడుతుంది, సిగ్గుపడకండి.

ఆయుర్వేదం, హోమియో, వెల్లుల్లి గుళికలు ఏవైనా సరే, అట్టలూ సీసాలూ తెచ్చి చూపించండి. ఫోనులో ఫోటో తీసినా చాలు. "తెల్లది, చిన్నది" అని చెబితే మాకేమీ తెలియదు.

ఆగడానికి వీల్లేనప్పుడు

పైదంతా తేదీ మన చేతుల్లో ఉన్న ఆపరేషన్ల సంగతి. బాత్రూములో జారిపడి తుంటి విరిగిన మామ్మగారు క్లోపిడోగ్రెల్ మీద ఉన్నారనుకోండి. వారం ఆగి వెన్నులో మత్తు ఇవ్వవచ్చు. కానీ ఆ వారం మంచం మీద పడుకుంటే న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో గడ్డలు. తుంటిని ఒకటి రెండు రోజుల్లో సరిచేస్తేనే మనిషి దక్కుతుంది. ఇక్కడ నేను జనరల్, గజ్జ బ్లాకు వైపు మొగ్గుతాను. ఎసిట్రోమ్ అయితే విటమిన్ కె ఇచ్చి ఐఎన్ఆర్ దించే వీలుంది, అప్పుడు స్పైనల్ గురించి మాట్లాడుకోవచ్చు. కొడుకులు హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఫోనులో "వెన్నులోనే ఇవ్వండి, మా ఫ్రెండు వాళ్ల అమ్మకు అలాగే ఇచ్చారు" అంటారు. ఆ ఫ్రెండు వాళ్ల అమ్మ ఏ మాత్ర వేసుకునేవారో కనుక్కుని ఫోను చేయమంటాను.

గర్భిణుల విషయంలో తూకం దాదాపు తలకిందులు. నిండు చూలాలికి జనరల్ ఇవ్వడమే ఎక్కువ ప్రమాదం. గొంతు వాచి ఉంటుంది, గొట్టం వేయడం కష్టమవుతుంది, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయని వెంటనే స్పైనల్ వదులుకోం. ఇంకే రక్తస్రావ లక్షణమూ లేకపోతే 70,000 పైన ఉన్నవారికి వెన్ను మత్తు ఇవ్వవచ్చన్నది ఇప్పుడు విస్తృతంగా అంగీకరించిన గీత. అయితే అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టం. నెలల తరబడి 80,000 దగ్గర నిలకడగా ఉన్న ఆమె వేరు, నిన్న లక్షా యాభై వేలుండి ఇవాళ 80,000కు పడిపోయిన ఆమె వేరు. రెండో ఆమెకు బీపీ ఎక్కువై కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు. వానాకాలమైతే డెంగీ కావచ్చు. పొద్దున్న రిపోర్టుతో సాయంత్రం నిర్ణయం తీసుకోకూడని సందర్భాలివి. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద ఎర్ర చుక్కలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, పళ్లు పీకించుకున్నప్పుడు గంటల తరబడి రక్తం ఆగకపోవడం, ఇవి ఏ పరీక్షకన్నా ముందే చెప్పాల్సిన మాటలు.

తలనొప్పి కూడా రక్తమే కావచ్చు

గడ్డ వెన్నులోనే రావాలని లేదు. డ్యూరా పొరకు చిల్లు పడ్డాక లోపలి ద్రవం కారి, కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి, పడుకుంటే ఉపశమనం ఉండే తలనొప్పి కొందరికి వస్తుంది. 1898లో జర్మనీలోని కీల్‌లో స్పైనల్ మత్తును మొదటిసారి ప్రయోగించిన ఆగస్ట్ బియర్ తన మీద తానే చేయించుకుని రోజుల తరబడి ఈ తలనొప్పితో మంచం పట్టాడు. సన్నని సూదులు వచ్చాక బాగా తగ్గింది. ఎపిడ్యూరల్ లావు సూది పొరపాటున పొరను చీల్చినప్పుడు మాత్రం ఎక్కువ. ద్రవం తగ్గి మెదడు కిందికి జారినప్పుడు, దాన్ని పుర్రెకు కలిపే సన్నని సిరలు సాగి తెగి, మెదడు చుట్టూ రక్తం చేరడం చాలా అరుదుగా జరుగుతుంది. గుర్తు పట్టే తీరు ఇది: ఇంతవరకు పడుకుంటే తగ్గే నొప్పి, ఇప్పుడు పడుకున్నా తగ్గదు. వాంతులు, మగత, చూపు రెండుగా కనిపించడం, ఫిట్సు తోడైతే ఇక ఆలోచించే పని లేదు, తలకు స్కానింగ్ కావాలి. బాలింత తలనొప్పిని "చలిగాలి తగిలింది, తలకు గుడ్డ కట్టుకో" అని వారాల తరబడి నెట్టే ఇళ్లు మనవే.

ఆస్పత్రి ఎంపికలో ఒక ప్రశ్న

వెన్నులో గడ్డ వస్తే తేల్చేది ఎంఆర్ఐ, తీసేది వెన్ను లేదా మెదడు సర్జన్. కాళ్లు పడిపోవడం మొదలైన 8 గంటల్లోపు గడ్డ తీస్తే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ, తర్వాత వేగంగా తగ్గిపోతుంది. కనుక అద్దాల గోడలు, ఏసీ గది చూడటానికి ముందు ఒక ప్రశ్న అడగండి. "రాత్రి రెండు గంటలకు ఎంఆర్ఐ అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్తారు?" ఆస్పత్రిలోనే ఉండాలని లేదు. జవాబు సిద్ధంగా ఉండాలి. విశాఖ నగరంలో ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఉంది, ఆరిలోవ వైపు పెద్ద ఆస్పత్రులు ఉన్నాయి. పాడేరులో ఆపరేషన్ చేయించుకుని రాత్రి కాళ్లు కదలకపోతే, ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్లకు పైగా రావాలి. మామూలు రోగికి అక్కడ స్పైనల్ ఇవ్వడంలో తప్పేమీ లేదు, ఇవ్వాల్సిందే. రక్తం పలచబరిచే మందు మీద ఉన్నవారికి తేదీ చేతిలో ఉన్న ఆపరేషన్ అయితే, నగరానికి వచ్చి చేయించుకోవడం నాకు మేలనిపిస్తుంది.

ఆ రాత్రి ఏం చూడాలి? స్పైనల్ మత్తు మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగడం మొదలవుతుంది. చివరి మందు ఇచ్చిన నాలుగు గంటలకు మోకాలు వంచకుండా మడమను పరుపు మీద నుంచి ఎత్తగలగాలి. ఎత్తలేకపోతే మత్తు డాక్టరును పిలిపించాలి. "మందు ఇంకా దిగలేదేమో, పొద్దున చూద్దాం" అన్న మాట ఒప్పుకోవద్దు. అంతకన్నా ముఖ్యమైనది, ఒకసారి తిరిగి వచ్చిన కదలిక మళ్లీ పోవడం. దీనికి మందు కారణం కాదు, గొట్టంలోంచి ఇంకా ఎక్కుతుంటే తప్ప. నడుములో కొత్తగా మొదలైన నొప్పి ఉండవచ్చు, లేకపోవచ్చు. నొప్పి లేదని ధైర్యపడకూడదు. మూత్రం గొట్టం పెట్టి ఉంటారు కాబట్టి మూత్రం ఆగిన సంగతి తెలియదు. కాలే మనకు మిగిలిన సాక్షి. గుచ్చేటప్పుడు మూడు నాలుగు ప్రయత్నాలు పట్టినా, సూదిలో రక్తం కనిపించినా ఆ విషయం మీకు చెప్పమని అడగండి. ఆ రాత్రి కాపలా ఇంకాస్త గట్టిగా ఉండాలి. ఇప్పుడు మూడో రోజే ఇంటికి పంపేస్తున్నారు, పొట్టలో ఇంజెక్షన్లు ఇంటి దగ్గరా నడుస్తాయి. కాపలా కూడా వాటితో పాటే ఇంటికి వెళ్లాలి.

గాజువాక పెద్దాయన ఆపరేషన్ ఆ ఉదయం జరగలేదు. గుండె డాక్టరు క్లోపిడోగ్రెల్ ఆపి, ఆస్పిరిన్ ఒక్కటే ఉంచమన్నారు. ఎనిమిదో రోజు సన్న సూదితో స్పైనల్, తొడకు బ్లాకు. గొట్టం లేదు. సాయంత్రం వార్డుకు వెళ్లేసరికి ఆయన భార్య గోడ క్యాలెండరు నుంచి చింపిన పాత నెల కాగితం వెనక గంటలు రాసుకుని కూర్చున్నారు. మూడుకు ఒక టిక్కు, నాలుగుకు ఒక టిక్కు. "ఏమండీ, కాలు ఎత్తండి" అంటున్నారు. "ఇందాకే కదా ఎత్తాను" అని విసుక్కుంటూ ఆయన మళ్లీ ఎత్తారు. ఆవిడ ఐదు పక్కన టిక్కు పెట్టారు.